ఫ్యూజు పోయింది, మంచిదాయె

మన పత్రికకు ఏదైనా రాయమని సంపాదకులు గారు రెండేళ్లుగా అడుగుతున్నారు. "నాకు తీగలు అతకడం వచ్చు గానీ మాటలు అతకడం రాదండీ" అని తప్పించుకుంటూ వచ్చాను. మొన్న బతుకమ్మ నాడు మళ్లీ దొరికిపోయాను. "ఆ తీగల గురించే రాయవయ్యా, మా అందరి ఇళ్లలోనూ బండ్లున్నాయి, ఫ్యూజులున్నాయి" అన్నారు. ఇక తప్పలేదు. కనుక ఈ వ్యాసంలో సాహిత్యం వెతకకండి. ఒక పాత జీపు, కొన్ని రిలేలు, కొన్ని ఫ్యూజులు, మా బాపు కుడి చెయ్యి, ఇంతే ఇందులో ఉన్నవి.

మాది భివండిలో శాంతి నగర్. దూరదేశాల్లో ఉన్న పాఠకుల కోసం చెబుతున్నాను. ముంబయి నుంచి నాసిక్ పోయే దారిలో, ఠాణా జిల్లాలో ఉన్న మరమగ్గాల ఊరు భివండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మన పద్మశాలీలు బతుకుదెరువు కోసం కొందరు షోలాపూర్‌కు, కొందరు సూరత్‌కు, కొందరు ఈ ఊరికి చేరారు. మా బాపు 1981లో సిరిసిల్ల నుంచి వచ్చాడు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. మా వాడలో పిల్లలకు జోలపాట సాంచెల చప్పుడే. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కొత్తగా వచ్చిన చుట్టాలు నవ్వుతారు గానీ, అది నిజం.

నేను మాత్రం సాంచె పట్టలేదు. బండ్లకు కరెంటు పని చేస్తాను. శాంతి నగర్‌లో చిన్న దుకాణం. గుడ్డ తానులు మోసే టెంపోలు, ఆటోలు, అప్పుడప్పుడు లారీలు వస్తాయి. ఆల్టర్నేటరు, స్టార్టరు, హారను, లైట్లు, ఇవే నా లోకం. ముప్పై ఏళ్లు దాటింది.

2018 జూన్‌లో ఒక సాయంత్రం మా అక్క కొడుకు ఒక జీపు తోలుకొచ్చి దుకాణం ముందు ఆపాడు. మహీంద్రా ఎం.ఎం. 540. పూజో డీజిలు ఇంజను, నాలుగు చక్రాలకూ గేరు కలిపే పాత మొండి బండి. ఎక్కడో రెండో చేతి బండ్ల దగ్గర కొన్నాడట. వాడు పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే. శని ఆదివారాల్లో స్నేహితులతో కలిసి సహ్యాద్రి కొండల్లో బురద దారులు తొక్కడం వాడి సరదా.

"మామా, వచ్చే శనివారం మాల్షేజ్ ఘాట్ ఎక్కుతున్నం. ముందర రెండు ఫాగ్ లైట్లు, ఒక పెద్ద హారను, టైర్ల గాలి పంపు, మొబైల్ ఛార్జర్, గివి పెట్టియ్యి సాలు. గంట పని" అన్నాడు.

బానెట్ ఎత్తి చూశాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. నా మేనల్లుడి కంటే ముందు ఆ బండిని ఎంతమంది ఏలారో తెలియదు గానీ, ప్రతి ఒక్కరూ తలా ఒక తీగ వేసిపోయారు. బ్యాటరీ పాజిటివ్ మొల మీద ఎర్రవి, నల్లవి, పచ్చవి, ఇంటి ఫ్యాను తీగలు కూడా చుట్టి ఉన్నాయి, మొక్కుబడి చెట్టుకు దారాలు కట్టినట్టు. ఒక్కదానికీ ఫ్యూజు లేదు. డాష్‌బోర్డు కింద పాత ఫ్యూజు పెట్టె ఉంది. మూత తీస్తే అందులో ఒక గాజు ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది.

ఆ వెండి కాగితం చూడగానే నా చేతులు ఆగిపోయాయి. ఎందుకో చెప్పాలంటే ముప్పై రెండేళ్లు వెనక్కి పోవాలి.

1986 వానకాలం. అప్పుడు నాకు పన్నెండేళ్లు. బాపు రాత్రి పాలి చేసేవాడు. రేకుల షెడ్డులో పన్నెండు సాంచెలు. బడి లేనినాడు నేను అన్నం డబ్బా పట్టుకుపోయి అక్కడే ఒక మూల పడుకునేవాణ్ని. మా వరుసలో నాలుగు సాంచెలకు కలిపి గోడ మీద పింగాణీ ఫ్యూజు ఉండేది. దాన్ని కిట్‌క్యాట్ అంటారు. లోపల సన్నటి తీగ కడతారు. కరెంటు ఎక్కువైతే అది కరిగిపోతుంది. ఆ రాత్రి అది మూడుసార్లు పోయింది. కూలి మీటరు లెక్కన. సాంచె ఆగిన గంట కూలి లేని గంట. పైగా సేఠ్ వచ్చి గోల చేస్తాడు. మూడోసారి బాపు విసుగొచ్చి నాతో అన్నాడు: "ఆఫీసు ఎన్క డబ్బాల రాగితీగ ఉంటది, జర మందంది తీస్కరాపో బిడ్డా."

నేను పరుగెత్తాను. డబ్బాలో ఉన్నవాటిలో అన్నిటికంటే లావు తీగ వెతికి, అది చాలదన్నట్టు రెండు పోగులు మెలిపెట్టి మరీ తెచ్చాను. పెద్ద పని చేశానని సంబరం. బాపు దాన్ని కట్టాడు. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. పోకపోతే బాగుపడ్డట్టే అనుకున్నాం.

నాలుగు రోజుల తర్వాత ఒక సాంచె బిగుసుకుపోయింది. మోటరు తిరగలేక మూలగడం మొదలుపెట్టింది. తిరగలేని మోటరు మామూలుకు ఐదారింతల కరెంటు లాగుతుందని నాకు తర్వాత పని నేర్చుకునేటప్పుడు తెలిసింది. అప్పుడు పోవాల్సింది ఆ పింగాణీలోని తీగ. కానీ నేను తెచ్చిన తీగ చెక్కుచెదరలేదు. దాని బదులు మోటరుకు పోయే తీగ కాలింది. గోడల మీద, తీగల మీద వేలు మందాన దూది నూగు. మంట దాని మీదుగా పాకింది. బాపు మెయిన్ స్విచ్ కొట్టి, అంటుకున్న తానును చేత్తో లాగి బయట పారేశాడు. మనుషులెవరికీ ప్రాణాపాయం కాలేదు. రెండు సాంచెలు పోయాయి. బాపు కుడి చెయ్యి కాలింది. పుండ్లు మానాయి గానీ చివరి మూడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి మళ్లీ చాపుకోలేదు.

నేతగాడికి వేళ్లంటే ఏమిటో మన పత్రిక పాఠకుల్లో చాలామందికి తెలుసు. పోగు తెగితే రెప్పపాటులో ముడి వేయాలి. అది ఇక బాపు వల్ల కాలేదు. కండెలు చుట్టే పనిలోకి మారాడు, కూలి సగం. అమ్మ కూడా ఆ పనికే పోయింది. నేను పదహారో ఏట బడి మానేసి గ్యారేజీలో చేరాను. కరెంటు పనే ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే "అందులో రాబడి బాగుంటుందని" అని చెప్పేవాణ్ని. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ లావు తీగ గురించి బాపు కూడా ఏనాడూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

ఇదంతా మేనల్లుడికి చెప్పలేదు. "ఈ బండి ఇట్ల కొండకు పోదు. బుధవారం దాకా నా దగ్గర ఉంచు. పాత తీగలన్నీ పీకేస్త" అన్నాను.

"అరె మామా, ఇన్నేండ్లు నడిచింది కదా!"

"ఇన్నేండ్లు కాలలేదు, అంతే. నడుసుడు వేరు."

వాడు మూతి ముడుచుకుని పోయాడు. నేను పని మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి కొంచెం సాంకేతికం ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు కూడా చదవండి. చీరె అంచు కట్టినంత కష్టం కూడా కాదిది.

ముందు లైట్ల సంగతి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.6 వోల్టులు చూపింది. అదే మీటరు హెడ్‌లైటు బల్బు దగ్గర పెడితే 11.4 మాత్రమే. మిగతా రెండు వోల్టులు ఎక్కడ పోయాయి? దారిలో. ఆ కాలపు చాలా బండ్లలో లాగే, దీపాలకు పోయే కరెంటంతా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చుకు వెళ్లి, అక్కడి నుంచి డిప్పరు చుట్టి, మళ్లీ ముందుకు వస్తుంది. పొడుగు దారి, సన్న తీగ, అరిగిన స్విచ్చు, తుప్పు పట్టిన అతుకులు. ప్రతి చోటా కొంచెం సుంకం. బల్బు సంగతేమిటంటే వోల్టులు కొద్దిగా తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. 13.6కు బదులు 11.4 అందితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. మనవాళ్లు లైటు మసకగా ఉందని ఇంకా పెద్ద బల్బు వేస్తారు. అప్పుడు కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది, స్విచ్చు కరుగుతుంది. రోగం ఒకటి, మందు ఒకటి.

దీనికి మందు రిలే. అగ్గిపెట్టెలో సగముండే నల్లటి డబ్బా. లోపల ఒక తీగచుట్ట, ఒక చిన్న ఇనప రేకు. చుట్టలో కరెంటు పోతే అది అయస్కాంతమై రేకును లాగుతుంది, రేకు రెండు లావు మొనలను కలుపుతుంది. చుట్టకు కావలసింది 0.2 ఆంపియరు లోపే. అది కలిపే మొనలు మాత్రం 30 ఆంపియర్లు మోయగలవు. మా పిల్లలకు ఇలా చెబుతాను. సేఠ్ గద్దె మీద కూర్చుని వేలు చూపిస్తాడు, బరువైన బీమును ఎత్తేది హమాలీ. డాష్‌బోర్డు స్విచ్చు సేఠ్, రిలే హమాలీ. సేఠ్‌తో బీము మోయిస్తే సేఠూ పడతాడు, బీమూ పడుతుంది. ఇప్పటిదాకా ఆ జీపులో జరుగుతున్నది అదే.

రిలే కొత్త వస్తువేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో టెలిగ్రాఫు తీగల కోసం పుట్టింది. మైళ్లకొద్దీ తీగలో పోయి నీరసించిన సంకేతం ఒక రేకును కదిలించగలిగితే చాలు, ఆ రేకు కొత్త బ్యాటరీ నుంచి తాజా కరెంటును ముందుకు పంపేది. పాతకాలంలో తపాలా మూట మోసే హర్కారా ఒక మజిలీలో మరొకడికి మూట అప్పగించినట్టు. రిలే అనే పేరే అక్కడిది.

దాని అడుగున నాలుగు కాళ్లుంటాయి, వాటి మీద అంకెలుంటాయి. 85, 86 చుట్టవి. 30 బ్యాటరీ నుంచి వచ్చేది. 87 దీపానికి పోయేది. ఇవి జర్మనీవాళ్లు ఏర్పరచిన అంకెలు. మీరు డల్లాస్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా మీ కారు రిలే తీసి చూస్తే చాలావరకు ఇవే కనబడతాయి. శాంతి నగర్‌లో బడి మానేసిన నాకూ, అక్కడ ఇంజనీరు చదివిన మీ అబ్బాయికీ ఈ నాలుగు అంకెలు ఒకటే. దగ్గరి వెలుగుకు ఒక రిలే, దూరం వెలుగుకు ఒకటి, ఫాగ్ లైట్లకు ఒకటి, హారనుకు ఒకటి, గాలి పంపుకు ఒకటి. మొత్తం ఐదు. ఇంజను గది గోడకు ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాళ్లు కిందికి ఉండేలా బిగించాను.

ఇక ఫ్యూజులు. ఈ వ్యాసంలో మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. బల్బు పోతే యాభై రూపాయలు. తీగ కాలితే బండి, బండిలో మనుషులు. పన్నెండు వోల్టులే కదా, షాకు కూడా కొట్టదు అని అందరూ తేలికగా తీసుకుంటారు. షాకు కొట్టదు, నిజమే. కానీ జీపు బ్యాటరీ రెండు మొలలూ కలిసిపోతే కొన్ని వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. సన్న తీగ క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. దాని పక్కనే డీజిలు గొట్టం ఉంటుంది.

కాబట్టి బ్యాటరీని మన ఊరి చెరువు అనుకోండి. చెరువు నుంచి ప్రతివాడూ తన ఇష్టం వచ్చిన చోట గట్టు తెంపుకుని నీళ్లు తీసుకుంటే ఏమవుతుంది? పాత జీపులో ఉన్నది అదే. చేయాల్సింది ఏమిటంటే చెరువుకు ఒక పెద్ద తూము, దాని కింద పెద్ద కాలువ, కాలువకు పిల్ల తూములు. పెద్ద తూము అంటే మెయిన్ ఫ్యూజు. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎందుకంటే బ్యాటరీకీ మెయిన్ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగను కాపాడేవాడు ఎవడూ లేడు. అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. స్టార్టరు మోటరుకు పోయే బొటనవేలంత తీగకు మాత్రం మామూలుగా ఫ్యూజు ఉండదు, అది వందల ఆంపియర్లు లాగుతుంది. అందుకే దాన్ని ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా ప్రత్యేకంగా తొడుగు వేసి కట్టాలి.

లెక్క చెబుతాను. హెడ్‌లైటు బల్బు 60 వాట్లు. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. రెండు ఫాగ్ లైట్లు కలిపి 110 వాట్లు, అంటే 9 పైచిలుకు. హారన్ల జత 10. గాలి పంపు 12. ఛార్జరు 2. అన్నీ ఒకేసారి నడిచినా 40 ఆంపియర్ల చుట్టుపక్కలే. మెయిన్ ఫ్యూజు 60 పెట్టి, దాని వెనక 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాను. ఫాగ్ లైట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 తీగ. హారన్లకూ అంతే. పంపుకు 20, దానికి 4 తీగ. ఛార్జరుకు 5. సూత్రం ఒక్కటే. పరికరం లాగేదానికంటే ఫ్యూజు కొంచెం పెద్దది, ఫ్యూజు కంటే తీగ ఇంకా పెద్దది. అందరికంటే బలహీనం ఫ్యూజే కావాలి, తీగ కాకూడదు.

హెడ్‌లైట్ల దగ్గర మాత్రం కొంచెం పిసినారితనం మానేశాను. చాలామంది రెండు దీపాలకూ కలిపి ఒకే ఫ్యూజు వేస్తారు. అది పోతే రెండు కళ్లూ ఒకేసారి మూసుకుపోతాయి. రాత్రిపూట కొండదారిలో అంతకంటే ప్రమాదం లేదు. రిలే నుంచి బయటికి వచ్చే చోట కుడి దీపానికి ఒకటి, ఎడమ దీపానికి ఒకటి వేశాను. దగ్గరి వెలుగుకు రెండు, దూరం వెలుగుకు రెండు, మొత్తం నాలుగు, అన్నీ 10 ఆంపియర్లవి. నాలుగు ఫ్యూజులకు అదనపు ఖర్చు ఒక పూట టీ కాఫీలంత.

ఇప్పటి ప్లాస్టిక్ ఫ్యూజుల్లో ఒక మంచి ఉంది. చదువు రానివాడు కూడా రంగు చూసి చెప్పవచ్చు. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పెట్టె మూత లోపల ఏ గూటిలో ఏ రంగు ఉండాలో తెలుగులోనే రాసి అంటించాను. మేనల్లుడు తెలుగు చదవడం అంతంత మాత్రం. అలాగైనా రెండు ముక్కలు చదువుతాడని.

బుధవారం సాయంత్రానికి పని అయింది. బల్బు దగ్గర మీటరు పెడితే 13.3 చూపింది. దుకాణం ఎదుటి గోడ మీద వెలుగు పడితే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అప్పుడే బాపు కర్ర పట్టుకుని వచ్చాడు. రోజూ ఆ వేళకు టీకి వస్తాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ కింద తల పెట్టి, ఎడమ చేత్తో ఒక్కొక్క తీగ అతుకూ లాగి చూడటం మొదలుపెట్టాడు. పోగు ముడి గట్టిగా పడిందా లేదా అని లాగి చూసినట్టే. ముప్పై దాకా అతుకులున్నాయి. రెండు ఊడి చేతికొచ్చాయి. ముప్పై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీని, సిగ్గుపడి వాటిని మళ్లీ బిగించాను.

మేనల్లుడు కూడా వచ్చాడు. బాపు టూల్‌బాక్సు తెరిపించాడు. అందులో పాత యజమానులు వదిలిన రాగితీగ ముక్కలు, ఒక వెండి కాగితం ఉండ ఉన్నాయి.

"గివి పారెయ్" అన్నాడు.

"తాతా, ఎప్పుడన్న అవసరం పడ్తది."

"అవసరం పడ్తదనే పారెయ్యమంటున్న. దగ్గర ఉంటే చెయ్యి ఊకోదు. దానికి బదలు ఈ రంగుబిళ్లలు పదో పన్నెండో పెట్టుకో."

వాడు పారేశాడు. తర్వాత వాడు బండి తిప్పి చూసుకోవడానికి పోయాడు. దుకాణంలో నేనూ బాపూ మిగిలాం. టీ వచ్చింది. బాపు గ్లాసును రెండు వేళ్లకూ అరచేతికీ మధ్య పట్టుకుంటాడు. ఆ పట్టు చూస్తే నాకు ఎప్పుడూ గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది. ఆ రోజు ఎందుకో నోరు విడిచి అనేశాను.

"బాపూ, ఆనాడు నేను గంత మందం తీగ తేకపోతే నీ చెయ్యి గిట్ల కాకపోవు."

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. టీ తాగడం అయ్యాక అన్నాడు: "తీగ నువ్వు తెచ్చినవు. కట్టింది నేను. నీకు పన్నెండేండ్లు, నాకు ముప్పై ఆరు. గది నీ పాపమని ఇన్నేండ్లు మోసుకుంట తిరిగినవారా?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

"ఫ్యూజు మూడుసార్లు పోయింది. సాంచెల ఏదో తప్పున్నదని అది మూడుసార్లు చెప్పింది. నేను ఇనలె. మీటర్లు లెక్కపెట్టుకుంట కూసున్న. నోరు మూసుకొమ్మని దానికి మందం తీగ కట్టిన" అన్నాడు బాపు. కర్ర తీసుకుని లేచి, "చీకటి పడ్డది, దుకాణం కట్టు" అని ఇంటికి నడిచాడు. అంతే. మళ్లీ మేము దాని గురించి మాట్లాడుకోలేదు. ఆ రాత్రి మాత్రం నేను బాగా నిద్రపోయాను.

శనివారం మధ్యాహ్నం మేనల్లుడు నలుగురు స్నేహితులతో, రెండు బండ్లలో బయలుదేరాడు. భివండి నుంచి కళ్యాణ్, ముర్బాడ్ మీదుగా మాల్షేజ్ ఘాట్ దాదాపు వంద కిలోమీటర్లు. వానకాలంలో ఆ ఘాట్ మబ్బుల్లోనే ఉంటుంది. దారి పక్క కొండల నుంచి జలపాతాలు పడుతుంటాయి, పది అడుగుల ముందు ఏముందో కనబడదు. ఘాట్ దాటాక ఖూబీ ఫాటా అని ఒక మలుపు వస్తుంది. అక్కడి నుంచి పింపల్‌గావ్ జోగా ఆనకట్ట గట్టు వెంట ఖిరేశ్వర్ అనే ఊరికి దారి. హరిశ్చంద్రగఢ్ కోట ఎక్కేవాళ్లలో కొందరు ఆ ఊళ్లో దిగుతారు. గట్టుకు ఒక పక్క జలాశయం నిండా నీళ్లు.

ఆ రాత్రి వాడి ఫోను అందలేదు. మా అక్క రెండుసార్లు ఇంటికి వచ్చిపోయింది. ఆదివారం పొద్దున్నే ఆరుగంటలకు ఫోను మోగింది.

"మామా, రాత్రి ఫ్యూజు పోయింది."

సంగతి ఇది. రాత్రి పదింటికి వానలో, పొగమంచులో గట్టు మీద పోతుండగా కుడి హెడ్‌లైటు టప్పున ఆరిపోయింది. ఎడమ పక్కది వెలుగుతూనే ఉంది. ఆ ఒక్క కన్నుతో గట్టు అంచు కనబడింది. వాడు మెల్లగా బండి ఆపాడు. పెట్టె తీసి చూస్తే ఎర్ర ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది పెట్టగానే అదీ పోయింది. వెనక బండిలోని స్నేహితుడు వచ్చి, "సిగరెట్ కాగితం చుట్టు, పోదాం పద" అన్నాడట.

"నీ చెయ్యి పోలేదా?" అని అడిగాను.

"తాత చెయ్యి యాదికొచ్చింది మామా" అన్నాడు వాడు.

టార్చి పట్టుకుని తీగ వెంట వెతికాడట. కారణం దొరికింది. శుక్రవారం రాత్రి నాకు చెప్పకుండా వాడే ముందు ఒక ఇనప బంపరు బిగించుకున్నాడు. దాని అంచు కింద కుడి దీపం తీగ నలిగి, గతుకుల్లో ఒరుసుకుని, తొడుగు తెగి ఇనుముకు తగిలింది. తీగను బయటికి లాగి, టేపు చుట్టి, దూరంగా కట్టి, మూడో ఎర్రబిళ్ల పెట్టాడు. దీపం వెలిగింది. అదే చోట పాత తీగలూ వెండి కాగితమూ ఉండి ఉంటే, వానలో, గట్టు మీద, ఒక పక్క నీళ్లతో, తీగల కట్ట మొత్తం అంటుకుని ఉండేది. దీపాలన్నీ కూడా ఒక్కసారే పోయి ఉండేవి. ఆ మాట వాడికి నేను చెప్పలేదు, వాడే నాకు చెప్పాడు.

ఫోను పెట్టేసి బయటికి వచ్చాను. బాపు అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు.

"రాత్రి పిల్లగాని బండి ఫ్యూజు పోయిందట బాపూ."

"మంచిదాయె" అన్నాడు. కొంచెం ఆగి, "మల్ల ఏం పెట్టిండు?" అని అడిగాడు.

"ఎర్రది. పది."

బాపు తల ఊపి, చెంబు తీసుకుని నోరు కడుక్కున్నాడు.

ఇదీ సంగతి. అప్పటినుంచి నా దుకాణంలో ఒక అలవాటు పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి "ఫ్యూజు పోతోంది, కొంచెం పెద్దది వెయ్యి" అంటే వెయ్యను. "అది ఏదో చెబుతోంది, ముందు విందాం" అంటాను. కొందరు విసుక్కుని పక్క దుకాణానికి పోతారు. పోనివ్వండి. మేనల్లుడు తెచ్చిచ్చిన కాలిన ఎర్ర ఫ్యూజులు రెండూ నా గల్లాపెట్టె పైన దారానికి కట్టి ఉన్నాయి.

పాఠకులకు ఒక విన్నపం. ఈ పత్రిక పక్కన పెట్టాక ఒకసారి మీ కారు ఫ్యూజు పెట్టె ఎక్కడుందో చూసుకోండి. మూత మీద రాసిన అంకెకూ లోపలి రంగుకూ పొత్తు కుదిరిందో లేదో చూడండి. అవే రంగుల విడి ఫ్యూజులు నాలుగు కొని బండిలో పెట్టుకోండి. ఊళ్లో అమ్మానాన్నల పాత ఇంటికి సెలవులకు వెళ్లినప్పుడు గోడ మీది పింగాణీ ఫ్యూజు కూడా తీయించి చూడండి. ముందు మెయిన్ ఆపించండి, తెలిసినవాణ్నే పిలవండి. అందులో ఎవరైనా, ఎప్పుడో, చీకట్లో తొందరపడి లావు తీగ కట్టి ఉంటే విప్పించండి. ఎవరు కట్టారని మాత్రం అడగకండి.